మసీదు మైకుసెట్: ఆంప్లిఫైయర్, స్పీకర్ బాక్సులు ఎంచుకోవడం ఎలా?

చిన్న మసీదుల్లో మైకుసెట్ మార్చాలన్న మాట ఎక్కువగా రంజాన్ ముందే వస్తుంది. చందా జమ చేస్తారు, కమిటీ తరఫున ఇద్దరు కోఠీకి వెళ్తారు, ఉన్నవాటిలో ఎక్కువ వాట్లు రాసి ఉన్నది పట్టుకొస్తారు. బిగించాక సౌండ్ అయితే పెరుగుతుంది. పై అంతస్తులో కూర్చున్న ఆడవాళ్ళకు మాత్రం బయాన్‌లో ఒక్క మాట కూడా సరిగ్గా అర్థం కాదు.

దీన్ని చిన్న ఇబ్బంది అనుకోవద్దు. ఇమామ్ సాబ్ వెనుక సఫ్‌లో నిలబడ్డవారికి ముందువాళ్ళు కనిపిస్తారు. పరదా వెనుక ఉన్న ఆడవాళ్ళకు, సెల్లార్‌లోనో వరండాలోనో చోటు దొరికినవారికి ఆ వీలు లేదు. రుకూ ఎప్పుడు, సజ్దా ఎప్పుడు అన్నది వాళ్ళకు స్పీకర్ ద్వారానే తెలియాలి. మధ్యలో సౌండ్ పోయినా, గరగరలాడినా నమాజ్ తప్పిపోతుంది. అందుకే మైకుసెట్ మంచిదా కాదా అని చూసేటప్పుడు ఎంత దూరం మోగుతుందన్నది పక్కన పెట్టి, చివరి సఫ్‌లో ఉన్న మనిషికి మాట తెలుస్తోందా లేదా అన్నది చూడాలి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వరకు ఈ సమస్యకు ఇంకో వైపు కూడా ఉంది. ఇక్కడ ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, ఆస్పత్రులు పక్కపక్కనే. లోపల వినపడడం లేదని వాల్యూమ్ పెంచితే ఆ మోత వీధిలోకి పోతుంది, లోపల మాత్రం తేడా రాదు. కాబట్టి సరైన సామాను ఎంచుకుంటే చందా డబ్బు మిగులుతుంది, పొరుగువారితో పేచీ కూడా తప్పుతుంది.

కొట్టుకు వెళ్ళే ముందు రాసుకోవాల్సినవి

ఒక కాగితం మీద ఈ వివరాలు రాసుకోండి. ఇవి లేకుండా వెళ్తే, దుకాణదారుడు ఏది ఇస్తే అదే మన అవసరం అవుతుంది.

- హాలు పొడవు, వెడల్పు, పైకప్పు ఎత్తు.
- ఎన్ని అంతస్తులు, ఆడవాళ్ళకు చోటు ఎక్కడ, జుమా రోజు వరండాలోకి ఎంతమంది వస్తారు.
- ఆంప్లిఫైయర్ పెట్టే చోటు నుంచి అన్నిటికంటే దూరపు స్పీకర్‌కు వైరు ఎన్ని మీటర్లు పడుతుంది. గోడ వెంబడి కొలవాలి.
- కింద కార్పెట్ ఉందా, టైల్స్ లేదా మార్బుల్ ఉందా.
- మైకులు ఎన్ని: మెహరాబ్ దగ్గర, మింబర్ మీద, అజాన్‌కు.
- ఇన్వర్టర్ ఉందా.

ఆంప్లిఫైయర్ అంటే ఏమిటి?

మైకు నుంచి వచ్చే కరెంటు చాలా తక్కువ, వోల్టులో వెయ్యో వంతు లెక్కలో ఉంటుంది. దాన్ని స్పీకర్‌ను కదిలించేంత బలంగా చేసేదే ఆంప్లిఫైయర్. పాతకాలంలో ఈ పని గాజు వాల్వులు చేసేవి. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ తయారయ్యాక క్రమంగా వాల్వుల చోటు ట్రాన్సిస్టర్లు తీసుకున్నాయి. ట్రాన్సిస్టర్లతో నడిచేదాన్నే సాలిడ్ స్టేట్ ఆంప్లిఫైయర్ అంటారు. ఇవాళ మసీదుల్లో, బడుల్లో, ఫంక్షన్ హాళ్ళలో ఉన్నవి దాదాపు అన్నీ ఇవే. బరువు తక్కువ, వేడెక్కే వరకు ఆగనక్కర్లేదు, ధర కూడా అందుబాటులో ఉంటుంది.

చిన్న మసీదుకు సరిపోయే రకం మిక్సర్ ఆంప్లిఫైయర్. మూడు నాలుగు మైకులు పెట్టుకునే సాకెట్లు, ఒక్కో మైకుకు విడి వాల్యూమ్, బాస్, ట్రెబుల్ నాబ్‌లు అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. మన దేశంలో ఈ రకానికి అహుజా పేరు బాగా తెలుసు. 1940 నుంచి ఉన్న ఢిల్లీ కంపెనీ కాబట్టి రిపేరు చేసేవాళ్ళు, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. వేరే కంపెనీది తీసుకున్నా ఈ ఒక్క ప్రశ్న వేయండి: రంజాన్‌లో పాడైతే మన ఊళ్ళోనే బాగుచేసేవాళ్ళు ఉన్నారా?

వాట్ల మాయ

డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేల వాట్లు రాసి ఉంటే అది పీఎంపీఓ లెక్క కావచ్చు. కన్ను మూసి తెరిచేలోపు వచ్చే గరిష్ఠాన్ని గుణించి గుణించి చూపించే అంకె అది. దాన్ని పట్టించుకోవద్దు. ఆగకుండా ఇవ్వగలిగే శక్తి ఎంతో చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్లనే అడగాలి.

ఇంకో సంగతి. వాట్లు రెట్టింపైతే సౌండ్ రెట్టింపు కాదు. 50 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది ‘కొంచెం పెరిగింది’ అన్నంత తేడా. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్లు వాట్లు కావాలి. దూరం సంగతి వేరు. ఖాళీ జాగాలో స్పీకర్ నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి.

ఈ రెండూ కలిపి చూస్తే విషయం తేలిపోతుంది. స్పీకర్‌ను మనిషి దగ్గరికి తేవడం చవక, వాట్లు పెంచడం ఖరీదు. 8 మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్‌ను 4 మీటర్లకు తెస్తే వచ్చే లాభం, ఆంప్లిఫైయర్‌ను నాలుగు రెట్లు పెద్దది చేసినంత.

మన హాలుకు ఎంత కావాలి?

ఒక లెక్క చూద్దాం. 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న హాలు, పైన ఆడవాళ్ళకు ఒక అంతస్తు అనుకోండి. మామూలు గోడ బాక్సుకు 1 వాట్ ఇస్తే 1 మీటరు దూరంలో దాదాపు 90 డెసిబెల్స్ వస్తుంది. ఈ అంకె స్పీకర్ కాగితం మీద ‘సెన్సిటివిటీ’ పేరుతో ఉంటుంది. 4 మీటర్ల దూరంలో అది 78కి దిగుతుంది. 10 వాట్లు ఇస్తే 88 అవుతుంది. ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే గొంతు 60 నుంచి 65 వరకు ఉంటుంది. అంటే ఫ్యాన్లు తిరుగుతున్నా, జనం నిండా ఉన్నా, మనిషికి 4 మీటర్ల లోపల 10 వాట్ల బాక్సు ఉంటే చాలినంత.

కింద నాలుగు బాక్సులు, పైన రెండు. ఆరు పదులు 60 వాట్లు. ఆంప్లిఫైయర్ శక్తిలో 80 శాతానికి మించి వాడకూడదన్నది పాటించాల్సిన నియమం. అంటే కనీసం 75 వాట్లు కావాలి. 100 వాట్ల ఆర్‌ఎంఎస్ ఆంప్లిఫైయర్ తీసుకుంటే రేపు వరండాలో ఇంకో రెండు బాక్సులు పెట్టుకున్నా సరిపోతుంది. ఇంత హాలుకు 500 వాట్లది కొంటే మిగతా 400 వాట్లకు పెట్టిన చందా వృథాయే.

ఓమ్‌ల లెక్క: ఎక్కువ ఆంప్లిఫైయర్లు కాలేది ఇక్కడే

స్పీకర్ వెనుక 4 ఓమ్‌లు, 8 ఓమ్‌లు, 16 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. ఇది స్పీకర్ చూపే అడ్డు. అడ్డు తగ్గితే ఆంప్లిఫైయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆంప్లిఫైయర్ తట్టుకునే కనీస ఓమ్‌లకంటే కిందకు దిగితే ట్రాన్సిస్టర్లు వేడెక్కి కాలిపోతాయి.

రెండు 8 ఓమ్‌ల బాక్సులను పక్కపక్కన ఒకే జత తీగలకు కలిపితే మొత్తం 4 ఓమ్‌లు. నాలుగు కలిపితే 2 ఓమ్‌లు. ఒకదాని వెనుక ఒకటి గొలుసులా కలిపితే 8, 8 కలిసి 16 అవుతాయి. ‘ఇంకో బాక్సు ఉంది కదా, దీనికే తగిలిద్దాం’ అని కలుపుకుంటూ పోతే ఆంప్లిఫైయర్ 4 ఓమ్‌ల కనీసం దాటిపోవడం ఎవరికీ తెలియదు. మొదటి రోజు బాగానే పాడుతుంది. తరావీహ్‌లో గంటన్నర ఆగకుండా నడిచిన రోజు ఆగిపోతుంది.

మసీదుకు 100 వోల్ట్ లైన్ మేలు

మిక్సర్ ఆంప్లిఫైయర్ వెనుక కామన్, 4, 8, 16 ఓమ్‌లతో పాటు 70 వోల్ట్, 100 వోల్ట్ అని కూడా బిగింపులు ఉంటాయి. బాక్సు దూరంగా ఉన్నా, బాక్సులు ఎక్కువున్నా 100 వోల్ట్ లైన్ వాడాలి. అప్పుడు ప్రతి బాక్సులో చిన్న లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దానికి 5 వాట్లు, 10 వాట్లు, 20 వాట్లు అని ట్యాపులు ఉంటాయి. మనకు ఎంత కావాలో ఆ ట్యాపుకు తీగ బిగించడమే.

దీనితో మూడు లాభాలు.

మొదటిది, ఓమ్‌ల తలనొప్పి ఉండదు. అన్ని బాక్సుల ట్యాపులు కూడితే ఆంప్లిఫైయర్ వాట్లలో 80 శాతం లోపు ఉంటే చాలు. కూడిక వస్తే ఎవరైనా లెక్క సరిచూడొచ్చు.

రెండోది, ఒక్కో చోట ఒక్కోలా పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళ గదిలో 10 వాట్లు, వజూ ఖానాలో 2 లేదా 3 వాట్లు.

మూడోది, వైరులో శక్తి పోదు. 8 ఓమ్‌ల బాక్సుకు 30 మీటర్ల దూరం సన్నని 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే, పోనూ రానూ 60 మీటర్ల తీగ అడ్డమే 1.4 ఓమ్‌లు. బాక్సుకు చేరే శక్తి పావు వంతుకు పైగా తగ్గుతుంది. అదే 100 వోల్ట్ లైన్‌లో 10 వాట్ల బాక్సు అడ్డు 1000 ఓమ్‌లు. దాని ముందు 1.4 ఓమ్‌లు లెక్కలోకే రాదు.

ఒక జాగ్రత్త: 100 వోల్ట్ బిగింపుకు మామూలు 8 ఓమ్‌ల బాక్సును ఎప్పుడూ నేరుగా తగిలించొద్దు. బాక్సూ పోతుంది, ఆంప్లిఫైయరూ పోతుంది.

ఏ చోటుకు ఏ బాక్సు?

కాలమ్ స్పీకర్: పొడవాటి సన్నని బాక్సులో నిలువుగా మూడు నాలుగు చిన్న స్పీకర్లు ఉంటాయి. సౌండ్ పక్కలకు పరుచుకుంటుంది, పైకప్పుకు తక్కువగా పోతుంది. గుంజే హాలుకు ఇదే సరైనది. గోడకు మరీ పైన కట్టకుండా, కూర్చున్నవారి తలల కంటే కొంచెం ఎత్తున మొదలయ్యేలా, కాస్త కిందకు వంచి పెట్టాలి.

గోడ బాక్సు: 4 నుంచి 6 అంగుళాల స్పీకర్, చిన్న ట్వీటర్. ఆడవాళ్ళ గదికి, వరండాకు, మదర్సా తరగతికి బాగుంటుంది.

సీలింగ్ స్పీకర్: ఫాల్స్ సీలింగ్ ఉండి, ఎత్తు 10 అడుగుల లోపు ఉన్న చోట పనికొస్తుంది. సెల్లార్‌కు అనువు.

పెద్ద స్టేజీ బాక్సులు: 12, 15 అంగుళాలవి. జల్సాకు, పెళ్ళికి సరే. చిన్న మసీదులో ఒక మూల పెడితే ముందు సఫ్‌లో చెవులు పగులుతాయి, వెనుక గుంయ్‌మంటుంది.

హారన్: ఇది దూరానికి. లోపల వద్దే వద్దు. దీనికి బాస్ ఉండదు, గొంతు రేకులా వినిపిస్తుంది. బయట కూడా ఎంత వాడాలో కింద చట్టం భాగంలో చూడండి.

ఒకే మాట రెండు స్పీకర్ల నుంచి వేర్వేరు సమయాల్లో చెవిన పడినా గందరగోళమే. సౌండ్ సెకనుకు 340 మీటర్ల వేగంతో నడుస్తుంది. రెండు స్పీకర్ల దూరాల్లో 17 మీటర్లకు మించి తేడా ఉంటే రెండో మాట వెనుక ప్రతిధ్వనిలా విడిగా వినిపిస్తుంది. పొడవాటి హాల్లో ముందున్న పెద్ద బాక్సు వాల్యూమ్ తగ్గించి, వెనుకవాళ్ళకు దగ్గర్లో చిన్న బాక్సు పెట్టడం ఇందుకే మంచిది.

ఎకో నాబ్ సున్నాలో పెట్టండి

కొన్ని ఆంప్లిఫైయర్లకు ఎకో నాబ్ ఉంటుంది. ఖిరాఅత్‌కు ‘హరమ్ షరీఫ్ లాంటి’ సౌండ్ వస్తుందని దాన్ని పెంచుతారు. మార్బుల్, టైల్స్, అద్దాలు ఉన్న హాలు ముందే గుంజుతుంది. దాని మీద ఎకో కూడా కలిపితే ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడుతుంది. అరబీలో సీన్, స్వాద్, సే మూడూ వేరు. తెలుగులో మూడింటినీ దాదాపు ఒకేలా రాస్తాం గానీ ఖుర్‌ఆన్ పారాయణంలో తేడా తెలియాలి.  ఎకో ఆ తేడానే మింగేస్తుంది.

గుంజడం తగ్గాలంటే డబ్బు ఆంప్లిఫైయర్ మీద కాకుండా కార్పెట్ మీద, కిటికీలకు మందపాటి పరదాల మీద పెట్టండి. మెత్తని బట్ట ప్రతిధ్వనిని పీల్చుకుంటుంది. హాలు ఖాళీగా ఉన్నప్పుడు గుంజి, జుమాకు నిండినప్పుడు తగ్గడానికి కారణం కూడా ఇదే. మనుషుల బట్టలే సౌండ్‌ను పీల్చుకుంటాయి. బాస్ నాబ్‌ను కూడా కొంచెం తగ్గించి చూడండి, మాట విచ్చుకుంటుంది.

మైకు, కుయ్‌మనే గోల

స్పీకర్ సౌండ్ తిరిగి మైకులోకి వెళ్ళి, మళ్ళీ పెద్దదై బయటికొస్తే ‘కుయ్’ మంటుంది. మందు సులభం: స్పీకర్లన్నీ మైకుకు ముందు వైపు ఉండాలి, మైకు వెనుక గోడ మీద ఉండకూడదు. మైకు నోటికి దగ్గరగా ఉండాలి. ముందు నుంచి వచ్చే గొంతునే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ రకం మైకు తీసుకోవాలి. వాడని మైకు నాబ్ సున్నాకు తిప్పేయాలి.

మింబర్ మీద వంగే మెడ ఉన్న గూస్‌నెక్ మైకు అనువుగా ఉంటుంది. అది కండెన్సర్ రకం అయితే నడవడానికి కొంత కరెంటు కావాలి. ఆంప్లిఫైయర్‌లో ఫాంటమ్ పవర్ ఉందో లేదో చూసుకోండి. నమాజ్‌లో ఇమామ్ సాబ్ రుకూ, సజ్దాలోకి వెళ్తారు కాబట్టి కాలర్ మైకు అవసరం అవుతుంది. కార్డ్‌లెస్ అయితే బ్యాటరీ మార్చే బాధ్యత ఒకరికి అప్పగించాలి. నమాజ్ మధ్యలో ఆగేది ఎక్కువగా ఆ బ్యాటరీ వల్లే.

గిటార్ ఆంప్లిఫైయర్ వాడొచ్చా?

పాత సామాన్ల కొట్లలో గిటార్ ఆంప్లిఫైయర్లు చవగ్గా దొరుకుతాయి. ఆంప్లిఫైయర్, బాక్సు కలిపి ఒకే డబ్బాలో ఉంటుంది కాబట్టి ‘మదర్సాకు ఇది చాలదా’ అని అడుగుతుంటారు. మాటకు అది పనికిరాదు. గిటార్ స్పీకర్‌ను దాదాపు 5 వేల హెర్ట్జ్ దాటాక పలకకుండా కావాలనే చేస్తారు, ట్వీటర్ ఉండదు. గిటార్ తీగ కరకు తగ్గి మెత్తగా వినిపించడానికి అది కావాలి. మన మాటలో స, ష, ఫ లాంటి అక్షరాలు మాత్రం అక్కడే పోతాయి. మైకు సాకెట్ కూడా వేరు.

ఇంట్లో పిల్లలు వాద్యం నేర్చుకోవడానికి కొనేవారికి కూడా పైన చెప్పిన లెక్కలే వర్తిస్తాయి. గదికి 10, 15 వాట్లు చాలు. ఆంప్లిఫైయర్, బాక్సు విడివిడిగా కొంటే బాక్సు ఓమ్‌లు ఆంప్లిఫైయర్ కనీసానికి తగ్గకూడదు, బాక్సు వాట్లు ఆంప్లిఫైయర్ వాట్లకంటే ఎక్కువ ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్నదే తీసుకోండి.

చట్టం ఏం చెబుతోంది?

2000లో వచ్చిన కేంద్ర శబ్ద కాలుష్య నియమాలు అన్ని మతాల ప్రార్థనా స్థలాలకూ, అన్ని ఫంక్షన్లకూ ఒకటే. ముఖ్యమైనవి ఇవి.

- లౌడ్‌స్పీకర్ వాడాలంటే అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. అనుమతి కాగితం కాపీ మసీదులో, అసలు కమిటీ ఫైల్లో పెట్టండి.
- రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటికి వినిపించేలా వాడకూడదు. మూసి ఉన్న హాళ్ళలో లోపలివారికి వినిపించడానికి మినహాయింపు ఉంది.
- నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. వాణిజ్య ప్రాంతంలో 65, 55. జనం వచ్చే స్థలంలో స్పీకర్ వాడితే, దాని సరిహద్దు దగ్గర ఆ ప్రాంత ప్రమాణానికి 10 డెసిబెల్స్ మించకూడదు, ఏ పరిస్థితిలోనూ 75 దాటకూడదు.
- ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ ప్రమాణం పగలు 50, రాత్రి 40.
- పండుగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది.

2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రాత్రిపూట నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. 2020 మేలో అలహాబాద్ హైకోర్టు, అజాన్ ఇస్లాంలో భాగమే అని, దాన్ని మౌజన్ గొంతుతో ఇవ్వడాన్ని ఆపలేరని, లౌడ్‌స్పీకర్ మాత్రం అందులో తప్పనిసరి భాగం కాదని చెప్పింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మీలాద్ జులూస్‌కు బాక్సులు అద్దెకు తెచ్చే యువకులు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు హారన్ లెక్క చూడండి. మంచి హారన్‌కు 1 వాట్ ఇస్తే 1 మీటరు దగ్గర 105 డెసిబెల్స్ వస్తుంది. 10 వాట్లకు 115. 32 మీటర్ల దూరంలో, అంటే వీధి చివరి ఇంటి దగ్గర కూడా అది 85. నివాస ప్రాంతంలో సరిహద్దు దగ్గర పరిమితి 65. అంటే మొహల్లాకు అజాన్ వినిపించడానికి హారన్‌కు 1 వాట్ కూడా ఎక్కువే. 30, 40 వాట్ల యూనిట్లు నాలుగు కట్టడానికి అవసరమే లేదు.

అందుకే కొనేటప్పుడే లోపలి బాక్సులకు ఒక లైన్, బయటి హారన్‌కు వేరే లైన్ ఉండేలా అడగండి. జోన్ సెలెక్టర్ ఉన్న ఆంప్లిఫైయర్ తీసుకోవచ్చు, లేదా హారన్ లైన్‌కు విడిగా స్విచ్, వాల్యూమ్ కంట్రోల్ పెట్టించవచ్చు. ఫజర్ వేళ లోపలి లైన్ ఒక్కటే నడుస్తుంది. ఖుత్బా, తరావీహ్, బయాన్ లోపలే ఉంటాయి. ఎవరైనా ఫిర్యాదు చేసినా కమిటీ ధైర్యంగా జవాబు చెప్పగలదు.

కరెంటు, వైరింగ్

ఎర్త్ సరిగ్గా ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే ఆంప్లిఫైయర్ పెట్టాలి. హమ్ వస్తోందని ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. వజూ తడి చేతులతో మైకు పట్టుకునే చోటు ఇది. హమ్ వస్తే మైకు వైరు, కరెంటు వైరు పక్కపక్కన పోతున్నాయేమో చూడండి, విడదీస్తే చాలాసార్లు పోతుంది.

100 వోల్ట్ లైన్ కూడా షాక్ కొడుతుంది. జాయింట్లు టేపు చుట్టి వదలకుండా డబ్బాలో మూసేయాలి. ఆంప్లిఫైయర్ చుట్టూ గాలి ఆడాలి, అల్మారాలో బంధించి తలుపు మూయొద్దు. బయటి హారన్ నోరు కాస్త కిందకు వంచితే వాన నీరు నిలవదు. ఉరుములు మెరుపుల వేళ హారన్ లైన్ విప్పేయడం మంచిది.

కరెంటు పోయినప్పటి కోసం, చాలా మిక్సర్ ఆంప్లిఫైయర్లకు బ్యాటరీ బిగింపు ఉంటుంది. 12 వోల్టులా 24 వోల్టులా అని వెనుక చూసే తగిలించాలి. 100 వాట్లు పూర్తిగా ఇచ్చేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 16, 17 ఆంపియర్లు లాగొచ్చు. మాటకు సగటున అందులో చిన్న భాగమే అవసరం అవుతుంది కాబట్టి మంచి బ్యాటరీ ఉంటే తరావీహ్ నిశ్చింతగా పూర్తవుతుంది.

ఎక్కడ, ఎలా కొనాలి?

సౌండ్ సామానుకు హైదరాబాద్‌లో కోఠీలోని గుజరాతీ గల్లీ, వైర్లు, స్విచ్‌లకు ట్రూప్ బజార్ పేరున్నవి. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే దగ్గర.

- కనీసం మూడు కొట్లలో ఒకే లిస్టు ఇచ్చి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. లిస్టు ఒకటే అయితేనే ధరలు పోల్చగలం.
- జీఎస్టీ బిల్లు మసీదు కమిటీ పేరు మీద తీసుకోండి. చందా లెక్కల్లో అది వోచర్, వారంటీకి అదే ఆధారం. మోడల్ నంబరు, సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి.
- బిగింపు కూలీ, వైరు, స్టాండ్లు, కనెక్టర్ల ఖర్చు ముందే అడిగి కలుపుకోండి. బడ్జెట్ మించేది ఎక్కువగా ఇక్కడే.
- కొట్లో పాట పెట్టి వినిపిస్తే ఒప్పుకోవద్దు. మైకు పెట్టి మాట్లాడి వినండి. వీలైతే మౌజన్ సాబ్‌ను వెంట తీసుకెళ్ళండి, రోజూ వాడేది ఆయనే.
- పాతది కొంటే గంటసేపు ఆగకుండా నడిపి చూడండి. నాబ్ తిప్పితే కరకరమనకూడదు, వెనుక ట్రాన్స్‌ఫార్మర్ వాసన రాకూడదు, స్పీకర్ కోన్ చిరిగి ఉండకూడదు.
- డబ్బు తక్కువైతే ముందు మంచి మైకు, మంచి బాక్సులు తీసుకోండి. ఎకో, యూఎస్‌బీ, బ్లూటూత్, లైట్లు ఉన్న మోడల్‌కు అదనంగా ఇవ్వనక్కర్లేదు.

బిగించాక చూడాల్సినవి

డబ్బంతా బిగించక ముందే ఇచ్చేయకుండా, ఒక జుమా గడిచాక మిగతాది ఇస్తామని ముందే మాట్లాడుకోండి. ఖాళీ హాల్లో బాగున్నది నిండిన హాల్లో బాగుండాలని లేదు.

ఆ జుమా రోజు నలుగురిని నాలుగు చోట్ల కూర్చోబెట్టండి: చివరి సఫ్, వరండా, ఆడవాళ్ళ గది, వజూ ఖానా. ఆడవాళ్ళ గదిలో వినేది తప్పకుండా అక్కడ రోజూ నమాజ్ చదివే ఆడవాళ్ళే అయి ఉండాలి. ‘సౌండ్ వస్తోందా’ అని అడగొద్దు, ‘ఇమామ్ సాబ్ ఏం చెప్పారు’ అని అడగండి. చెప్పిన మాట నలుగురూ తిరిగి చెప్పగలిగితే మైకుసెట్ సరిపోయినట్టే. ఒకరు చెప్పలేకపోతే వాల్యూమ్ ముట్టుకోకుండా ముందు వారి దగ్గరి బాక్సు చోటు, వంపు, ట్యాపు మార్చి చూడండి. అన్నీ కుదిరాక ప్రతి నాబ్ దగ్గర చిన్న గుర్తు పెట్టి, దాన్ని ఎవరు తిప్పాలో ఒక్కరి పేరు రాసి పక్కన అంటించండి.